దేవికి తాళం తీసిన రాత్రి

గరివిడి కాలేజీ ల్యాబులో షీబా టీచర్ ఒక్కతే కూర్చుంది. బయట చీకటి. ఫ్యాక్టరీ హోరుకి కిటికీ అద్దాలు సన్నగా వణుకుతున్నాయి. తన స్టూడెంట్ దేవిని కడసారి సాగనంపి వచ్చిన చెప్పుల్లో ఇంకా ఇసుక ఉంది.

హెడ్ యుగంధర్ ఫోన్ చేశాడు. "ఆన్‌లైన్ కోర్సులోంచి ఆ దేవి పేరు తీసీండి మేడమ్. పోయిన పిల్ల పేరు ఇంకెందుకు?"

షీబా పళ్లు బిగించింది. ఆ కోర్సు పరీక్షకు తాళం పెట్టించింది ఆయనే. రాత్రిపూట అరగంట మాత్రమే తెరిచి ఉండాలన్నాడు. సముద్రపు ఒడ్డున దేవి వాళ్ల ఊళ్లో సిగ్నల్ అందదు, పగలు తెరుద్దామని షీబా బతిమాలింది. ఆయన వినలేదు. సిగ్నల్ కోసం చీకట్లో ఇసుకదిబ్బ ఎక్కిన పిల్లను పాము కరిచింది.

"తీస్తాను సార్," అని ఫోన్ పెట్టేసింది.

పేరు తీయలేదు. దేవి ఒక్కదానికి పరీక్ష తాళం తీసింది, మళ్లీ ఎప్పటికీ పడకుండా.

ఫ్యాక్టరీ హోరు ఆగిపోయింది. తెర మీద దేవి పేరు పక్కన, ఆన్‌లైన్‌లోకి వచ్చినట్టు, పచ్చచుక్క వెలిగింది.

ఫోన్ మోగింది. దేవి తల్లి కూర్మమ్మ. "టీచరమ్మా, ఇదేటమ్మా? పిల్ల ఫోను ఎలుగుతున్నాది. బేటరీ తీసి గూట్లో ఎట్టినాను గదా!"

మొదటి ప్రశ్నకు జవాబు పడింది.

వెంటనే యుగంధర్ ఫోన్. "ఆ పిల్ల పేరు మీద జవాబు పడతంది, ఎవరు రాస్తన్నారది? మూసీండి మేడమ్, మూసీండి!"

షీబా మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. తెరకేసి వంగింది.

"తొందర లేదమ్మా," అంది. "నింపాదిగా రాయి."