కోడి లెక్క

పలకలన్నీ ఒక్కసారే పైకి లేచాయి. అన్నిటి మీదా అరవై.

తాతారావు మాస్టారు వరసగా ఒక్కో పలకా మళ్ళీ చూశాడు.

నిన్నటిదాకా ఈ పిల్లలే కదా! ఏ లెక్క అడిగినా బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చునేవారు.

అరకులో జీపు దిగి కొండెక్కితే వచ్చే ఊరది. తొంభయ్యారులో బడి పెట్టి, బొబ్బిలి వైపు నుంచి ఆయన్ని వేశారు. బడికి వస్తే తెలుగు అదే వస్తుందని పైవాళ్ళు చెప్పారు. ఆయనా నమ్మాడు.

"ఇంకో లెక్క. చెట్టుకి నలభై నారింజలు కాశాయి. కోతి ఇరవై తినేసింది. ఎన్ని మిగిలాయి?"

ఎవరూ పలక మీదకి వంగలేదు. అందరి చెవులూ కిటికీ వైపు తిరిగాయి.

కిటికీ అవతల, గోడవార ఎండలో ఒకావిడ కూర్చుని అడ్డాకులతో విస్తర్లు కుడుతోంది. ఊరికి కొత్త మనిషి. కాఫీ పళ్ళు కోయడానికి ఒడిశా వైపు నుంచి వచ్చి, కాలు బెణికి తోటకి వెళ్ళలేక ఆగిపోయిందట.

ఆవిడ తలెత్తకుండానే ఏదో గొణిగింది. మాస్టారి చెవికి అందులో ఒక్క మాటే అందింది.

కోడి.

పలకలు లేచాయి. ఇరవై.

మర్నాడూ అదే వరస. జామకాయల లెక్క ఇస్తే కోడి. చింతపిక్కల లెక్క ఇస్తే కోడి. మాస్టారు బయటికొచ్చి చుట్టూ చూశాడు. కనుచూపు మేరలో ఒక్క పుంజు కూడా లేదు.

"ఏటే కనకా, ఆ కోడేటి?" అని ముందు వరసలో పిల్లని అడిగాడు.

"కోడి, సారూ!" అంది కనక. పిల్లలంతా గొల్లున నవ్వారు.

మాస్టారు తల గోక్కున్నాడు. కోడి ఒక గుర్తు కాబోలు. గుర్తు చెబితే జవాబు రాసేస్తున్నారు. కానీ అన్ని జవాబులకీ ఒకటే గుర్తయితే పిల్లలకి ఎలా తెలుస్తోంది? ఎంత ఆలోచించినా చిక్కుముడి విడలేదు.

ఒకటి మాత్రం తేలింది. ఇది దొంగ చదువు.

అదే ఆయన గుండెల్లో రాయి. వచ్చేవారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. పిల్లలకి లెక్కలు రాకపోతే బడి ఎత్తేసి, గెడ్డ అవతలి బడిలో కలిపేస్తారు. వానాకాలంలో ఆ గెడ్డ పెద్దవాళ్ళే దాటలేరు. పిల్లలు ఇక బడి మొహం చూడరు. ఆ వచ్చినాయన ఈ దొంగాట పసిగట్టాడా, బడి ఆనాడే పోతుంది.

మాస్టారు గోడ దగ్గరికి వెళ్ళాడు.

"ఏటమ్మా, కిటికీలోంచి ఏటి అందిస్తన్నావు?"

ఆవిడ బెదిరిపోయింది. "తప్పా, బాబూ?"

"తెలుగు బాగానే వచ్చునే! ఎక్కడ నేర్చావు?"

"ఇటుకల బట్టీలో, బాబూ. ఇజీనారం దగ్గర."

"నేర్చిన తెలివంతా ఇక్కడా సూపిస్తన్నావు? పిల్లల్ని పాడు సేత్తన్నావు. ఇంక ఈ గోడ దరికి రాకు."

ఆవిడ గబగబా లేచింది. ఆకులు చీరచెంగులో వేసుకుని, కుంటుకుంటూ దిగిపోయింది.

ఆ పూట నుంచి పలకలు లేవలేదు.

'చూశావా, అసలు రంగు బయటపడింది' అనుకున్నాడు మాస్టారు. గొంతు పోయేలా ఎక్కాలు వల్లె వేయించాడు. పిల్లలు చిలకల్లా పలికారు. లెక్క అడిగితే మాత్రం ఖాళీ కిటికీకేసి చూశారు.

ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు. కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని అడిగాడు.

"బుట్టలో అరవై సీతాఫలాలున్నాయి. ఇరవై కుళ్ళిపోయాయి. బాగున్నవెన్ని?"

తలలన్నీ ఖాళీ కిటికీ వైపు తిరిగాయి.

కాస్తో కూస్తో తెలుగు పట్టుబడింది కనకకే. పెదాలు కదుపుకుంటూ కాసేపు కూర్చుంది. లేచి, రెండు వేళ్ళు చూపించింది.

"దుయి కోడి."

"రెండు కోళ్ళా?" ఇన్‌స్పెక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "సీతాఫలాల బుట్టలో కోళ్ళెలా దూరాయమ్మా? మాస్టారూ, మీరు చెప్పేది లెక్కలా, కోళ్ళ పెంపకమా?"

కనక వేళ్ళు ముడుచుకుని కూర్చుండిపోయింది.

వెళ్ళేటప్పుడు ఆయన నవ్వలేదు. "వచ్చే ఏడాదికి ఈ బడి ఉండదు" అని జీపు వైపు దిగిపోయాడు.

సాయంత్రం కనక తండ్రి ఫల్గుణ కాఫీతోట నుంచి వస్తూ, బడి మెట్ల మీద చతికిలబడ్డ మాస్టారిని చూసి ఆగాడు.

"బడి పోయింది, ఫల్గుణా. మీ గుంట, ఆ కనక, పరువు తీసేసింది. సీతాఫలాల లెక్క అడిగితే కోళ్ళంటాది!"

"ఏటంది బాబూ?"

"దుయి కోడి."

"కోడంటే మా బాసలో ఇరవై. అది రెండిరవైలంది. అంటే నలభై. తప్పేటి?"

మాస్టారు మనసులోనే అరవైలోంచి ఇరవై తీశాడు. గబుక్కున లేచి కొండ కింది దారికేసి చూశాడు. జీపు రేపిన దుమ్ము కూడా అణిగిపోయింది.

"మరి... ఆ కుంటుకుంటూ వచ్చే ఆవిడేదీ?"

"సుక్రా? మీరు పొమ్మన్నారని సంత జీపెక్కి ఆళ్ళ ఊరు పాడువా ఎల్లిపోనాది. ఆయమ్మని మీరే ఎట్టుకున్నారనుకున్నాం, బాబూ."

"నేనెందుకు పెట్టుకుంటానయ్యా! పిల్లలకి జవాబులు అందించేది కదా?"

ఫల్గుణ తెల్లబోయి చూశాడు.

"జవాబులేటి బాబూ, దానికి లెక్కలే రావు... మీరు తెలుగులో అడిగింది మా బాసలో తిప్పి సెప్పీది, లెక్క గుంటలే కట్టుకునీవోరు."