కంప్యూటరుకు కంటి పరీక్ష

"డొక్కు పెట్టెకి కొత్త నగలేంట్రా?" అన్నారు మామగారు. హాల్లో పరిచిన పాత దుప్పటి మీద కంప్యూటరు పొట్ట విప్పుకుని వెల్లకిలా పడి ఉంది.

"నగలు కాదు నాన్నా, గ్రాఫిక్స్ కార్డు. తెర మీద బొమ్మలు గీసేది ఇదే. ఇకమీదట బొమ్మ బొమ్మలా కనిపిస్తుంది," అన్నాడు కొడుకు.

"ఇన్నాళ్లూ గాడిదలా కనిపించిందా?"

కొత్త కోడలు నవ్వాపుకుంటూ టార్చిలైటు గట్టిగా పట్టుకుంది. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి చేస్తున్న మొదటి ఘనకార్యం ఇది. భర్త చెయ్యి చాపితే చాలు, పెద్ద డాక్టరుకు కత్తి అందించే నర్సులా స్క్రూడ్రైవరు అందిస్తోంది. కార్డు ఇంట్లో నిలబడితే పక్కపక్కన కూర్చుని కార్ల పందెం ఆడుకుందామని అతను మాటిచ్చాడు. ఎర్ర కారు తనదని ఆమె అప్పుడే తేల్చేసుకుంది.

"మరి ఆ రెండో పెట్టె?" మామగారు వదల్లేదు.

"పవర్ సప్లయి. ఈ కార్డు కరెంటు బాగా తింటుంది. పాతది దీనికి చాలదు."

"అయితే అల్లుడితో పాటు వంటవాణ్ని కూడా తెచ్చావన్నమాట," అన్నారు అత్తగారు వంటింట్లోంచి.

మామగారు చాలా ఏళ్లుగా కళ్లద్దాల దుకాణం నడుపుతున్నారు. ఊళ్లో సగం మందికి చూపు తన చలవేనని ఆయన నమ్మకం. అందుకే తీర్పు కూడా ఆ ధోరణిలోనే చెప్పారు.

"షాపువాడు ఈ రాత్రి దాకా వెనక్కి తీసుకుంటానన్నాడుగా. సాయంత్రం నేనే చూస్తాను. తేడా కనబడిందా, ఉంచు. కనబడలేదా, తెచ్చినట్టే పట్టుకెళ్లు. నా కన్నుని మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదు."

కోడలి గుండెల్లో ఎర్ర కారు సడన్ బ్రేకు వేసింది.

పాత పవర్ సప్లయి ఊడదీస్తే లోపల్నుంచి తలగడకు సరిపడా దుమ్ము వచ్చింది. ఆమె రంగులు వేసే బ్రష్షుతో మూలమూలా దులిపింది. అతను కొత్తది బిగించాడు. కార్డును దాని గాడిలో పెట్టి నొక్కితే టక్కుమంది. ఆ టక్కుకు ఇద్దరూ చప్పట్లు కొట్టుకున్నారు. ఇంతలో ఒక స్క్రూ మాయమైంది. బోర్లా పడుకుని ఇద్దరూ వెతికారు. అది దొరకడానికి పట్టాల్సిన దానికన్నా చాలా ఎక్కువ సేపే పట్టింది. ఆడపడుచు రెండుసార్లు దగ్గి మరీ హాల్లోకి వచ్చింది.

సాయంత్రం స్విచ్చి వేశారు. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. పెట్టె లోపల ఊదారంగు వెలుగు వచ్చింది.

"అమ్మో, నైటు లాంపులా ఎంత బాగుందో!" అన్నారు అత్తగారు. సగం ఓట్లు అక్కడే పడ్డాయి.

పొద్దున పెట్టె విప్పకముందు మామగారికి చూపించిన జలపాతం వీడియోనే మళ్లీ పెట్టారు. మామగారు కుర్చీని దూరం చూసుకుని వేసుకున్నారు. అరచేత్తో ఎడమ కన్ను మూశారు. తర్వాత కుడి కన్ను మూశారు.

"ముందు బాగుందా? ఇప్పుడు బాగుందా?" దుకాణంలో అలవాటు కొద్దీ తనను తానే అడిగారు.



"ఒరేయ్," అన్నారాయన చివరికి, గొంతు తగ్గించి. "నీళ్లు తడిగా ఉన్నాయిరా!"

"అవునండీ, ఆ చెట్లు చూడండి. పొద్దున ఇంత పచ్చగా లేవు," అన్నారు అత్తగారు.

కోడలికైతే ఆకు అంచున నీటిబొట్టు కనిపించింది. ఆ బొట్టులో ఆకాశం కూడా.

ఆడపడుచు కార్ల పందెం పెట్టి చూసింది. "అన్నయ్యా, కారు ఇదివరకులాగే ఆగి ఆగి వెళ్తోందే?"

"అది ట్రాఫిక్కే."

"పందెంలో ట్రాఫిక్కేంటి?"

"నీ కంటికి అలవాటు కావాలి. కొత్త కళ్లద్దాలు పెట్టుకుంటే మొదట్లో నేల వంకరగా కనిపించదూ?"

"నిజమే," మామగారు తలూపారు. "కొన్నాళ్లు ఓపిక పట్టాలమ్మా. దుకాణానికి వచ్చినవాళ్లందరికీ నేను చెప్పేదదే."

ఇంటిల్లిపాదికీ కనబడేది తనకొక్కదానికే కనబడలేదంటే పరువు పోదూ? ఆడపడుచు కళ్లు నులుముకుని ఇంకోసారి చూసింది. "ఆఁ... ఇప్పుడు కొంచెం స్పీడుగానే ఉంది," అని ఒప్పుకుంది.

"ఉంచెయ్యరా!" మామగారు తొడ చరిచారు. "రేపే నా దుకాణంలో కంప్యూటరుకీ ఒకటి పెట్టు. ఫ్రేము చూపిస్తే జనం దాన్ని ముక్కు మీద పెట్టుకోవడానికి తెర మీదికి చెయ్యి చాపాలి!" అని, కార్డు వచ్చిన అట్టపెట్టెను తన చేతులతోనే చింపి చెత్తబుట్టలో పడేశారు. "ఇక వెనక్కివ్వడాల్లేవు. కన్నంటే ఇదీ!"

భర్త కోడలి వైపు చూసి కాలరెగరేశాడు. రెండో కార్డు ఉందో లేదో కనుక్కోవడానికి ఫోను పట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తాడు. ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంత పనిమంతుడు తన మొగుడైనందుకు పొంగిపోతూ, కంప్యూటరును మెల్లగా గోడవైపు జరిపి, తీగలు నలగకుండా సర్దుదామని వెనక్కి వంగింది.

తెరకు బొమ్మను తెచ్చే కేబుల్ కొత్త కార్డుకు కాక, ఎప్పటిలాగే కంప్యూటరు పాత పోర్టులోనే గుచ్చి ఉంది. కొత్త కార్డు పోర్టులన్నిటికీ ఫ్యాక్టరీలో తొడిగిన ప్లాస్టిక్ మూతలు ఒక్కటీ ఊడకుండా అలాగే ఉన్నాయి.