పాంగ్ వాళ్ళ పెద్దమ్మాయి

"గుడ్డు తెచ్చుకున్నారా అక్కా?" అన్నాడు పెసరట్ల బండి ముసలాయన.

చీయున్ తెల్లబోయింది. ఆమెకి యాభై. ఆయనకి డెబ్భై దాటి ఉంటాయి.

అట్టు వేయించుకోడానికి ఎవరి గుడ్డు వాళ్ళు జేబులో వేసుకుని రావడం మా తియాన్‌జిన్‌లో మామూలే. లాన్‌జౌ నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

వెనక నిలబడిన ఒకావిడ కోటు జేబులోంచి గుడ్డు తీసి ముసలాయన చేతిలో పెట్టింది. అరవైకి దగ్గర వయసు, చంకలో చీపురు.

"ఈవిడకి వెయ్యి. నాకు ఇవాళ వద్దులే," అంది.

చీయున్ అట్టు అందుకుని తినేసింది. మంచిమాట ఒకటి చెప్పాలని కూడా తోచలేదు. అమ్మ పోయి నలభై రోజులైంది. అప్పట్నుంచీ ఆమెకి ఏదీ తోచడం లేదు. ఏడుపు కూడా రాలేదు.

పోయేముందు అమ్మ అసలు సంగతి చెప్పింది. నిన్ను కన్నది నేను కాదు, తియాన్‌జిన్‌లో మూడు నెలల పిల్లగా తెచ్చుకున్నాం అంది.

విడిపోయినవాళ్ళని కలిపే సంఘం ఒకటుంటే చీయున్ వాళ్ళకి రాసింది. వాళ్ళు వెతికి కబురు పంపారు. కన్నవాళ్ళు లేరు. అక్క ఒకతె ఉంది. కానీ కలవడానికి ఒప్పుకోవడం లేదు. పాత ఇంటి చిరునామా మాత్రం ఇచ్చారు.

తన రక్తం పంచుకున్న మొహం ఒక్కటి, ఒక్కసారి చూడాలి. చీయున్‌కి మిగిలిన కోరిక అదే.

ఆ చిరునామా ఉన్న వీధులకి వచ్చినవాళ్ళంతా గుర్రపు బళ్ళెక్కి, దొరల మేడలన్నీ చూసి, సంతోషపడి పోతారు. చీయున్ ఒక్క మేడ కోసమే వచ్చింది.

ఎర్ర ఇటుకల మేడ. వందేళ్ళ కిందట ఎవరో ఇంగ్లీషు దొర కట్టించుకున్నది. ఇప్పుడది చిత్రశాల. కింద కాఫీలు. పైన గోడల మీద దీపాల వెలుగుతో పారుతున్నట్టు కనిపించే నీలం నీళ్ళు. ఆ నీళ్ళ ముందు ఫొటోలు దిగే కుర్రకారు.

బల్ల దగ్గరి అమ్మాయి చీయున్ చూపిన చిరునామా కాగితం చూసి, "పాంగ్ కుటుంబమా? నాకు తెలీదక్కా. ఊడ్చే ఆవిడ పాతకాలం మనిషి, ఆవిణ్ణి అడగండి," అంది.

ఊడ్చే ఆవిడ ఇందాక గుడ్డిచ్చినావిడే.

కాగితం కేసి చాలాసేపు చూసింది. చీపురు గోడకి ఆనించి, "పైకి రండి," అంది.

అక్కణ్ణుంచి ఇక నోరు మూయలేదు. పూర్వం ఈ మేడలో పదకొండు కుటుంబాలుండేవట. నీలం నీళ్ళు పారే చోటే వరసగా పదకొండు పొయ్యిలట. దొరగారి స్నానాల గదిలో బడిపంతులు కాపురమట. మూడో అంతస్తులో మెట్ల పక్క గది పాంగ్ వాళ్ళదట. మంచం ఒక్కటే, పడుకునేది మాత్రం నలుగురట.

ఇప్పుడా గదిలో తెల్ల కుర్చీ ఒకటుంది. అలిసిపోయి చీయున్ కూర్చోబోతే, అది కూర్చునే కుర్చీ కాదు, చూసే కుర్చీ అని ఆవిడ ఆపింది.

తను పుట్టిన గదిలో నిలబడి కూడా చీయున్‌కి ఏమీ అనిపించలేదు. కాళ్ళు పీకుతున్నాయని మాత్రం అనుకుంది.

"వాళ్ళ పెద్దమ్మాయి ఎక్కడుంటుంది?" అని అడిగింది.

"ఈ ఊళ్ళోనే."

"మరి నన్నెందుకు చూడనంటోంది?"

ఆవిడ గుడ్డ తీసి, శుభ్రంగా ఉన్న కిటికీనే తుడవడం మొదలుపెట్టింది.

"మిమ్మల్ని స్టేషన్‌కి మోసుకెళ్ళి ఇచ్చింది ఆ పిల్లే. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. తీసుకున్నవాళ్ళు దాని చేతిలో పాలమిఠాయి పొట్లం పెట్టారు. ఇంటికి వచ్చేలోపల మొత్తం తినేసింది. ఒక్కటి మిగల్చలేదు. ఇంక ఏ మొహం పెట్టుకుని వస్తుంది?"

"ఇదంతా మీకెలా తెలుసు?"

"పదకొండు పొయ్యిలు ఒక్కచోట మండిన ఇంట్లో తెలియనిదేముంటుంది?"

చీయున్‌కి చిరాకేసింది. తన బతుకు ఊడ్చేవాళ్ళ నోళ్ళలో కూడా నానుతోందన్నమాట.

"కనిపిస్తే చెప్పండి," అంది. "నిలదీయడానికి రాలేదు నేను. చూసి పోదామని వచ్చాను. కనిపిస్తే ఆమె సొమ్మేం పోయేది? మళ్ళీ రానని కూడా చెప్పండి."

"చెప్తాను," అంది ఆవిడ, తుడవడం ఆపకుండా.

గేటు దాకా వెనకాలే వచ్చింది. స్టేషన్ దాకా తోడు వస్తానంది. అక్కర్లేదంది చీయున్.

"గాలి కొడుతోంది. మఫ్లర్ మెడకి బాగా చుట్టుకో, చెల్లీ."

అప్పటిదాకా మీరు మీరన్న మనిషి ఒక్కసారిగా నువ్వులోకి దిగింది. ఇదేం చనువు అనుకుని చీయున్ వెనక్కి తిరిగి చూడలేదు.

రైలు ఊరు దాటి గంట అయ్యాక తియాన్‌జిన్‌లోనే ఎక్కిన పక్క సీటు తాత, "కాస్త దారిస్తారా అక్కా," అని లేచాడు.

పొద్దున్నుంచీ ఇదే వరస. టాక్సీవాడికీ అక్కే, స్టేషన్‌లో పోలీసుకీ అక్కే. తాత తిరిగి వచ్చి కూర్చున్నాక చీయున్ అడిగేసింది.

"నేను మీ కూతురి వయసుదాన్ని. మీ ఊళ్ళో అందరూ నన్ను అక్కా అంటారేమిటి?"

తాత నవ్వాడు. "మా ఊళ్ళో అంతేనక్కా. నాలుగేళ్ళ పిల్లయినా, పళ్ళూడిన ముసలమ్మయినా, పరాయి ఆడమనిషి అంటే అక్కే. అది మా మర్యాద."

"అందరూ అనలేదు. ఒకావిడ చెల్లీ అంది."

"మా ఊరి మనిషి అయి ఉండదు."

"ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిందావిడ."

తాత తల అడ్డంగా ఊపాడు. "అయితే పరాయిదాన్ని పట్టుకుని ఆ మాట అనదు. తోడబుట్టినదాన్నే అలా పిలుస్తాం మేము."

చీయున్ మఫ్లర్ మెడకి ఇంకో చుట్టు చుట్టుకుంది.

పూటంతా తన అక్క పక్కనే తిరిగి, పేరైనా అడక్కుండా వచ్చేసింది.