కలపని జాగా

"పెద్ద డిస్కు వేయించేనన్నావు. లాప్‌టాప్ ఇంకా పాత సైజే చూపిస్తోంది. ఇల్లరికం వచ్చి నా కొట్టుకే కన్నం వేసేవటయ్యా?"

కొత్తపేట కొబ్బరి కొట్టులో, కూలీల ముందే, కేశవరావు అల్లుడి మీద అరిచాడు.

అల్లుడు సురేంద్ర తెరను మామగారి వైపు తిప్పాడు. డిస్కు పెద్దదే. పాత లెక్కలన్నీ పాత సైజు సీ డ్రైవులోనే ఉన్నాయి. కొత్తగా వచ్చిన జాగా ఏ డ్రైవుకీ కలపకుండా పక్కన ఖాళీగా పడుంది.

"మరి కలపొచ్చుగా! ఇన్నాళ్లూ ఎందుకలా వదిలేసేవు?" కేశవరావు గొంతు తగ్గింది.

"తక్కువ చూపిస్తే మీరు నన్నడుగుతారో, దొంగంటారో చూద్దామనండి."

కేశవరావు కూలీల వైపు చూసి నవ్వబోయాడు.

"అడుగుతారనే నేనన్నానండి. దొంగంటారని మీ అమ్మాయే అంది. మా ఇద్దరి సామానూ సర్దేసి కూర్చుందండి."