ఉప్పు చూసి చెప్పు

"ఈ పూట గూడా ఉప్పు తప్పితే రేపట్నుంచి నువ్వు రావద్దు రామాంజినప్పా. వచ్చినోళ్లు విదేశమోళ్లు. ఇంక నా చేతిలో ఏమీ లేదప్పా."

అంత మాట అనేసి మేనేజర్ శ్రీనివాస వంటింట్లోంచి వెళ్లిపోయాడు.

క్యాతగానచెర్లు సోలార్ పార్కు గెస్ట్‌హౌస్‌లో వంటంతా రామాంజినప్పదే. కరోనా వచ్చి తగ్గాక అతని నాలుకకు ఉప్పూ పులుపూ తెలియడం లేదు. ముక్కుకు వాసనా లేదు. ఆ సంగతి బయటపడితే పని పోతుంది. అందుకే ఈ రోజు, గిన్నెలు కడగడానికని చెప్పి, భార్య రంజితను వెంటబెట్టుకొచ్చాడు.

బెంగళూరు నుంచి ఐసు పెట్టెలో వచ్చిన సాల్మన్ చేప ముక్కల్ని తడి తుడిచి ట్రేలో పరిచాడు. వెన్న కరిగించి, దంచిన వెల్లుల్లి వేసి, నిమ్మకాయ పిండి, తేనె, మిరియాల పొడి కలిపాడు. చివరికి ఉప్పు వేసి, గరిటె ఆమె చేతికిచ్చాడు.

"చూసి చెప్పు."

రంజిత ఒక చుక్క నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుంది.

"చాలదు. ఇంగో చిటికెడు పడాల."

"నిజంగానా?"

"వెయ్యి. పులుపు సరిపోయినాది."

వేశాడు. చేప మీద సాస్ పోసి, ట్రేని ఓవెన్‌లోకి తోసి, అద్దం ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇక కళ్లనే నమ్ముకోవాలి. అంచులు ఎర్రబడి, ముక్క పొరలు పొరలుగా విడుతుండగా బయటికి తీశాడు. పళ్లేలు భోజనాల గదిలోకి వెళ్లాయి.

లోపల మాటలు ఆగిపోయాయి. చెంచాల చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. రామాంజినప్ప కండువాతో మెడ తుడుచుకున్నాడు. రంజిత కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది.

తలుపు తోసుకుని మేనేజర్ వచ్చాడు.

"ఏం చేసినావప్పా! పళ్లేల్లో సాస్ గూడా ఊడ్చి తిన్నారు. రేపు పొద్దున్నే వచ్చేయ్!"

అతను వెళ్లగానే రామాంజినప్ప స్టూలు మీద కూలబడ్డాడు. ట్రేలో మిగిలిన ముక్కను ప్లేటులో పెట్టి భార్య ముందుకు జరిపాడు.

"తిను. ఈ పొద్దు నీ నాలుకే మనల్ని కాపాడినాది. ఎట్లుండాదో చెప్పు, నీ నోటితో వింటా."

రంజిత ముక్క నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏందే, బాగలేదా?"

"ఉప్పు వేసేటప్పుడు నీ చెయ్యి వణికి సగం కింద పడింది. అది చూసి చెప్పినా," అందామె తల వంచుకుని. "రుచి నాకూ ఆ జరంలోనే పోయినాది."