సబ్బు తగిలితే

ఆ సాయంత్రం సారపాకలోని ఒక హోటల్ నుంచి మా లాండ్రీకి మొదటి మూట వచ్చింది. అన్నీ టేబుల్ గుడ్డలు, చేతి తువ్వాళ్లు. తెల్లారేసరికి ఉతికి ఇస్తే ఇక రోజూ మాకే ఇస్తామన్నారు. మా ఆయనకు మిల్లులో రాత్రి డ్యూటీ. అడవి అంచున ఉన్న ఆ ఇంట్లో నేను, మా అత్త పున్నమ్మ, వసారా చివర చీర ఉయ్యాలలో నిద్రపోతున్న నా కూతురు. అంతే.

మొదటి గుడ్డకు సబ్బు రుద్దగానే ఎర్రటి మరక లేచింది. కెవ్వుమన్నాను.

"నెత్తురు కాదే పిచ్చిదానా! సాంబారు పసుపు. సబ్బు తగిలితే ఎర్రగైతది," అని అత్త పకపకా నవ్వింది. "గిట్ల భయపడితే లాండ్రీ ఏం నడుపుతవ్?"

నేనూ నవ్వి ఇంకో గుడ్డ తీశాను. ఈసారి నురగ కింద చిన్న అరచెయ్యి ఎర్రగా తేలింది. లేత వేళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయి.

"హోటల్ల పసిపిల్లలు తినరా ఏంది?" అంది అత్త. కానీ నవ్వలేదు.

ఉలిక్కిపడి లేవబోతే నా కాలు తగిలి బకెట్ ఒరిగింది. సబ్బునీళ్లు గచ్చు మీద పారాయి. నీళ్లు తడిపిన దారంతా అవే అరచేతులు ఒకటొకటిగా ఎర్రబడుతూ వచ్చాయి. ఎవరో పాకుతూ పోయినట్టు, మూట దగ్గర నుంచి ఉయ్యాల దాకా.

"అత్తమ్మా, పిల్లను జర ఎత్తుకోరాదు," అన్నాను.

అత్త కదల్లేదు. నా భుజం గట్టిగా పట్టుకుంది. అడవిలో కీచురాళ్ల మోత ఆగిపోయింది.

ఉయ్యాల ఊగడం లేదు. కానీ చీర గచ్చుకు ఆనేంత కిందికి సాగి ఉంది.

నా బిడ్డ ఒక్కతే అంత బరువుండదు.