గిన్నెల మెషిన్ హత్య

శివరాత్రిలోపు ఆ మెషిన్‌ను చంపెయ్యాలని లింగవ్వ నిశ్చయించుకుంది.

అది గిన్నెలు తోమే మెషిన్. బోధన్‌లో ఎరువుల దుకాణం నడిపే రాజేశ్వర్ ఇంటికి దుబాయి నుంచి వచ్చింది. పంపినవాడు అతని భార్య రేణుకమ్మ తమ్ముడు రామ్‌దాస్. అది వచ్చేదాకా ఆ ఇంట్లో గిన్నెలు తోమింది లింగవ్వే. ఇప్పుడు ఇల్లు ఊడ్చి, ఆ మెషిన్‌కు సేవ చెయ్యడం ఆమె పని. అడుగున ఉన్న జల్లెడ తీసి కడగాలి. తలుపు చుట్టూ రబ్బరు తుడవాలి. మెషిన్ లోపలే ఉండే ఉప్పు డబ్బాలో ఉప్పు నింపాలి. తన కూడు లాక్కున్నదానికి తానే స్నానం చేయించాలి.

"శివరాత్రి దాకా ఉండు లింగవ్వా," అన్నాడు రాజేశ్వర్. "అటెన్క నీతోని పనేమున్నది? మెషినే తోముతున్నదాయె."

బీడీలు చుడదామంటే లింగవ్వకు చూపు ఆనడం లేదు. ఈ ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరికే వయసూ కాదు.

రాజేశ్వర్ మాత్రం ఇంటికి ఎవరొచ్చినా వంటింట్లోకి తీసుకుపోయేవాడు. "మా బామ్మర్ది పంపిన గడియారం గోడ ఎక్కకముందే నిలబడ్డది. ఇస్త్రీపెట్టె పొగలు కక్కింది. వాళ్ల ఖాందానే గంత అనుకున్న. గని ఇది సూడుండ్రి! మేం పండుకున్నంక మా ఆమె నడుపుతది. జర్రంత సప్పుడు రాదు. గదీ ఫారిన్ మాల్ అంటె!"

పక్కన నిలబడి రేణుకమ్మ నవ్వేది. ఆ నవ్వు చూస్తే లింగవ్వకు కడుపు మండేది.

మొదట జల్లెడ కడగడం మానేసింది. ఏమీ కాలేదు. ఉప్పు డబ్బాలో ఇసుక పోసింది. పొద్దున తలుపు తీస్తే గిన్నెలు అద్దాల్లా ఉన్నాయి. చెరుకు ట్రాక్టర్ నుంచి రోడ్డు మీద పడ్డ గడ ఒకటి తెచ్చి నమిలి, ఆ పిప్పిని నీళ్లు చిమ్మే రెక్కల బెజ్జాల్లో కుక్కింది. మరునాడు పళ్లేల మీద మరక లేదు. ఆ రెక్కల వైపు చూడ్డానికి మాత్రం ఆమెకు ధైర్యం చాల్లేదు.

అప్పుడే ఆమెకు అర్థమైంది: రేణుకమ్మ తనను కనిపెడుతోంది.

"మెషిన్ మంచిగనే ఉన్నదా లింగవ్వా?" రోజూ అదే ప్రశ్న. "ఏమన్న ఖరాబైందా?"

"ఏం గాలేదమ్మా."

రేణుకమ్మ నిట్టూర్చి వెళ్లిపోయేది. నమ్మలేదన్నమాట, అనుకునేది లింగవ్వ. తాను చేసిన పాడంతా వెనకనుంచి బాగు చేసి, చేస్తుండగా పట్టుకునే సమయం కోసం కాచుకుని ఉందన్నమాట. ఆ రోజు నుంచి రేణుకమ్మ దగ్గినా తనకేదో చెబుతున్నట్టే ఉండేది.

ఒకరోజు రేణుకమ్మ కొంగు సర్దుకుంటూ, "నేను పక్క గల్లీల ఈరవ్వోళ్లింటికి పోయొస్త. జర సేపు పడ్తది. మెషిన్ జాగ్రత్త," అంది. ఎప్పుడూ గూట్లో ఉండే పెద్ద కత్తి ఆ వేళ గట్టు మీద ఉంది.

ఉచ్చు. లింగవ్వకు తెలుస్తూనే ఉంది. కానీ రోజూ అనుమానం మొయ్యడం కంటే ఒక్కసారి నేరం చేసెయ్యడమే తేలిక. ఆమె మెషిన్ వెనక్కి వంగి, కుళాయి కట్టేసి ఉన్న నీళ్ల పైపును తెగ్గోసింది. కసి తీరక ముక్కలు ముక్కలు చేసింది.

రాత్రంతా ఆమె కలలో నీళ్లు పారాయి. పొద్దున వచ్చేసరికి వంటింటి నేల పొడిగా ఉంది. మెషిన్ తలుపు తీసింది. గిన్నెలు ఎప్పటిలాగే తళతళలాడుతున్నాయి.

లింగవ్వ అక్కడే కూలబడింది.

"అమ్మా, నేనే కోసిన! పైపు నేనే కోసిన. ఇసుక పోసింది గుడ నేనే. గయినా గిదెట్ల తోమిందమ్మా? దీంట్ల దయ్యమున్నదా ఏంది?"

రేణుకమ్మ గబగబా మెషిన్ వెనక్కి తొంగిచూసింది.

"మొత్తం తెగిందా? అతుకుతదా మల్ల?"

"అతుకదమ్మా. ముక్కలైంది."

రేణుకమ్మ గొంతెత్తి అరిచింది. "ఓ, ఇటు రాండ్రి! మా తమ్ముడు పంపిన మెషిన్‌ను గీ లింగవ్వ ఖతం జేసింది!"

గడ్డం గీసుకుంటున్నవాడు నురగతోనే పరుగెత్తుకొచ్చాడు రాజేశ్వర్. పైపు ముక్కలు చూసి తల పట్టుకున్నాడు. "అయ్యో, బంగారమసొంటి మాల్! పోలీసోళ్లను పిలుస్త. లోపల ఏయిస్త దీన్ని!"

"పోలీసోళ్లొస్తె గిన్నెలు తోముతరా?" అంది రేణుకమ్మ.

రాజేశ్వర్ ఆగిపోయాడు. తాను న్యాయం తెలిసినవాడినని అతనికి గట్టి నమ్మకం. కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. "సరే. ఖరాబ్ జేసినోళ్లే తోమాలె. శివరాత్రి లేదు, గివరాత్రి లేదు. పానమున్నన్ని దినాలు ఈ ఇంట్ల గిన్నెలు నువ్వే తోముతవ్. గదే నీకు శిక్ష!"

అతను నురగ కారుతున్న మొహంతో వెళ్లిపోయాడు. లింగవ్వ నేల మీదే ఉండిపోయింది. కోరుకున్నదే శిక్షగా పడితే ఎలా ఏడవాలో ఆమెకు తెలియలేదు. అయినా సిగ్గుతో ఏడుపు వచ్చింది.

రేణుకమ్మ వాకిలి వైపు ఒకసారి చూసి, ఆమె పక్కన మెల్లగా చతికిలబడింది.

"ఏడ్వకు లింగవ్వా," అంది గుసగుసగా. "అది దుబాయి నుంచే సచ్చొచ్చింది. మల్ల మా ఖాందాన్‌ను అంటడని రాత్రిళ్లు దొంగతనంగ గిన్నెలు తోమీ తోమీ నా నడుం ఇరిగింది. దాన్ని ఎవరన్న సంపకపోతరా అని ఇన్ని దినాల సంది ఎదురుసూస్తున్న."